చెంబు కింద కాయితం

“కేజువలని నువ్వే అన్నావు. నీ నోటితోనే అన్నావు. నానేటి కలగని సెప్పానా?”

“బట్టలు మామ్మా! బట్టలు కేజువలన్నాను. ఉద్యోగం కాదు.”

“బట్టలకి కేజువలూ పర్మినెంటూ ఉంతాయేట్రా? నానంత ఎర్రిదానిలాగ కనిపిత్తన్నానా?”

“ఆఫీసుల్లో ఉంతాయి మామ్మా. అలాగే అంతారు. ఆ పిల్ల మేనమావకి నువ్వేటి సెప్పీసినావో నీకు తెల్దు.”

“తెలక్కేటి? ఉన్నదే సెప్పాను. తాగడన్నాను. తెల్లారకముందే లెగుత్తాడన్నాను. పెద్దోళ్ళంటే గౌరవమన్నాను. ఇవన్నీ సెప్పి ఆ ఒక్క ముక్కా దాసీమంటావేటి? ఆడపిల్ల బతుకది.”

“ఆళ్ళు ఒద్దనీసినారు మామ్మా.”

ఆ మాట దగ్గర వాడి గొంతు తగ్గింది. నాది తగ్గలేదు.

సాయంత్రం టెక్కలి బస్సు దిగి తిన్నగా నా వీధరుగు మీదికే వచ్చాడు. బూట్లు విప్పలేదు. మా ఇంట్లో అద్దెకున్న రెండేళ్ళలో బూట్లతో నా గడప దగ్గరికి వచ్చింది అదొక్కసారే. చొక్కా మాత్రం పొద్దున్న వేసుకున్నది వేసుకున్నట్టే ఉంది. చేతుల చివర గుండీలు కూడా ఊడలేదు. అంత కోపంలోనూ ఆ చొక్కా నలగలేదేమిటా అని చూశాను. అదీ నా బుద్ధి.

వాడి పేరు రాయను. నా నోటి వల్ల ఒకసారి ఆ పేరు పాడైంది. చాలు.

పలాసలో మా వీధి గదికి వాడు వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక చాప తెచ్చుకున్నాడు. ఉద్దానం తీరంలో సముద్రం మీద బతికే ఇంటివాడు. తండ్రి తెప్ప మీద వెళ్తాడు, తల్లి చేపలు ఎండబెడుతుంది. వీడు చదువుకుని టెక్కలిలో ఏదో కంప్యూటరు ఆఫీసులో చేరాడు. చొక్కాలు మూడే. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద, ఒకటి చాప కింద మడత పడుతూ. మూడూ నిండు చేతులవే. మూడూ లేత రంగులే. “ముదర రంగయితే మురికి కనపడదు కదరా, సబ్బు కలిసొత్తాది” అన్నాను ఒకసారి. “మురికి కనపడాల మామ్మా. కనపడితేనే ఉతుకుతాం” అన్నాడు. జవాబు దొరకని మాట ఎవరన్నా నాకు నచ్చదు.

కరెంటు ఇస్త్రీపెట్టె కూడా ఒకటి తెచ్చుకున్నాడు. మొదటి రోజే చెప్పాను, బిల్లు పెరుగుతుంది, ఆ పెట్టె నా ఇంట్లో ప్లగ్గుకి తగిలించొద్దని. వాడు వాదించలేదు. పెట్టెని ట్రంకు అడుగున పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే నా పొయ్యి దగ్గరికి వచ్చి గొంతుకూర్చున్నాడు.

“మామ్మా, అన్నం దించీసినాక ఆ నిప్పులు ఏటి సేత్తావు?”

“ఏటి సేత్తాను? నీళ్ళు సల్లి బొగ్గులు తీసుకుంతాను.”

“బొగ్గులు నీకే ఇత్తాను. ఒక్క పావుగంట నాకియ్యి.”

మా ఆయన నీళ్ళు తాగిన ఇత్తడి చెంబు ఒకటుంది, అడుగు చదునుగా ఉంటుంది. అందులో కొబ్బరి చిప్పల నిప్పులు పోసుకుని, చెంబు మెడకి తడిగుడ్డ చుట్టి పట్టుకుని, చాప మీద దుప్పటి పరిచి రుద్దేవాడు. ముందు కాలరు. కాలరు రుద్దేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. తరవాత చేతుల చివర్లు. తరవాత గుండీల పట్టీ. వీపు ఆఖర్న, నిప్పు చల్లారాక, దానికి అదే చాలన్నట్టు. వేళ్ళతో నీళ్ళు చిలకరించేటప్పుడు చూస్తే పూజ చేస్తున్నాడేమో అనిపించేది. అయిపోయాక బొగ్గులు చల్లార్చి, బూడిద దులిపి, లెక్కగా నా గంపలో పోసి, చెంబుని చింతపండుతో తోమి గూట్లో బోర్లించేవాడు. వాడు తోమినంత తెల్లగా నేనెప్పుడూ తోమలేదు. ఆ మాట వాడితో అనలేదు.

మాటకి కూడా ఇస్త్రీ చేసేవాడు. ఫోను మోగితే లేచి నిలబడి, “చెప్పండి సార్, చూస్తున్నాను సార్, చేసేస్తాను సార్” అనేవాడు. ఫోను పెట్టీపెట్టగానే, “మామ్మా, సారు కాసినావా? కూసింత పొయ్యి” అనేవాడు. ఒకే నోట్లోంచి రెండు ఊళ్ళ మనుషులు మాట్లాడినట్టుండేది. నేను నవ్వేదాన్ని. “నవ్వకు మామ్మా, ఆ ‘చ’ పలకడానికి నాకు ఆర్నెల్లు పట్టింది” అనేవాడు.

వాళ్ళమ్మ ఒక్కసారి వచ్చింది, ఎండుచేపల మూట నెత్తిన పెట్టుకుని. అప్పుడే వాడు ఆఫీసుకి తయారై గుమ్మంలో ఉన్నాడు. నేననుకున్నాను, చొక్కాకి వాసన పడుతుందని దూరంగా ఉంటాడని. వాడు చటుక్కున వెళ్ళి మూట దించి భుజాన పెట్టుకున్నాడు. తల్లే కంగారు పడింది. “ఓలమ్మో, సొక్కా, సొక్కా!” అంది. ఆ తరవాత వాడి చొక్కా ముట్టుకుంది. అరచేత్తో కాదు. చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో, గోడకి వేసిన కొత్త సున్నం ఆరిందో లేదో చూసినట్టు ముట్టుకుంది. వాడు ఆ రోజు ఆ చొక్కాతోనే ఆఫీసుకి వెళ్ళాడు, మార్చుకోలేదు.

అయితే ఇంత ముస్తాబు ఎందుకని నాకు ముల్లులా ఉండేది. ఒక పొద్దున్న పొయ్యి దగ్గర అడిగేశాను.

“ఏరా, రోజూ పెళ్ళికొడుకులాగ ఎల్తావు. మీ ఆఫీసులో అందరూ ఇలాగే వత్తారేటి?”

“నేదు మామ్మా. నానొక్కడినే.”

“మరి ఆళ్ళకి లేని సోకు నీకేల?”

చెంబు పక్కన పెట్టాడు. “మొదటి రోజు నానూ ఆళ్ళలాగే ఎల్లాను మామ్మా. గుండ్రం మెడ బనీను, సెప్పులు. మేడ కింద నీళ్ళ టిన్నుల ఆటో ఆగుంది. పైనుంచి ఒకాయన దిగుతూ నన్ను సూసి, ‘ఆ టిన్ను పైన పెట్టీ బాబూ’ అన్నాడు.”

“పెట్టినావా?”

“పెట్టీసినాను. రెండో అంతస్తు. పెట్టీసి, సెయ్యి కడుక్కుని, నా కుర్సీలో కూకున్నాను. ఆయన మళ్ళీ వచ్చి నన్ను కుర్సీలో సూసి నవ్వాడు. మంచోడే మామ్మా, సారీ కూడా సెప్పాడు. కానీ నా పక్కనే నిలబడ్డ మా ఆఫీసు గుంటడికి ఏల సెప్పలేదు? ఆడూ బనీనే ఏసుకున్నాడు. ఆళ్ళు ఎలాగొచ్చినా ఆఫీసోళ్ళే మామ్మా. నాను అలాగెల్తే టిన్ను మోసినోడినే.”

అని, కాలరు ఎత్తి వెలుగులో చూసుకుంటూ అన్నాడు: “ఎంతైనా మాది కేజువల్ కదా మామ్మా. అడిగేవోడు ఉండడు. అంతా కేజువలే.”

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ మాట నాకు కొత్త కాదు. మా పెళ్ళిచూపులకి మా ఆయన కాకీ చొక్కా, కాకీ పంట్లాం, నల్ల బూట్లు వేసుకుని వచ్చాడు. రైలు ఉద్యోగం అన్నారు. మా నాన్న ఆ బూట్లు చూసి పిల్లనిచ్చేశాడు. కాపురానికి వచ్చిన మూడో వారం ఒకాయన ఇంటికొచ్చి, తన బట్టలు తనకిచ్చెయ్యమని అడిగి ఆ చొక్కా, పంట్లాం పట్టుకుపోయాడు. బూట్లు ఇంకొకరివి. మా ఆయన సుమ్మాదేవి స్టేషను దగ్గర పట్టాల పనిలో కేజువల్. పనుంటే పిలుపు, లేకపోతే ఇల్లు. పర్మినెంటు అవుతుంది, పర్మినెంటు అవుతుంది అని ఎదురుచూస్తూనే ఆయన పోయాడు. నేను జీడిపిక్కలు కొట్టి పిల్లల్ని పెంచాను. మూడో తరగతి దాటని దాన్ని, నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలు పదో పదిహేనో. కేజువల్ అన్న మాట మాత్రం చేతి మీద జీడి మరకలా పడిపోయింది.

అందుకని ఆ పొద్దున్న ఇంకేమీ అడగలేదు. అడిగితే మొగవాడు చిన్నబోతాడని నాకు తెలుసు. వాడి గిన్నెలో ఇంకో గరిటె చారు పోశాను. “ఏటి మామ్మా, ఈరోజు దయ?” అని నవ్వాడు. జాలిపడి పోశానని వాడికి తెలియదు.

ఆ తరవాత ఒకసారి పింఛను పని మీద టెక్కలి వెళ్ళాను. బస్సులో వాడూ ఉన్నాడు. సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాడు, కూర్చుంటే చొక్కా వీపు నలుగుతుందని. దిగాక వాడి ఆఫీసు మేడ దాటే నేను వెళ్ళాలి. ముందు టీకొట్టు దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. బనీన్లు, మోకాళ్ళ మీదికి లాగులు, రబ్బరు చెప్పులు. మధ్యలో వీడొక్కడు దొరబాబులాగ. వాళ్ళని చూశాక నా మనసులో ఇంక అనుమానం లేదు. కూలిపనికి వచ్చినవాళ్ళు తప్ప ఆఫీసుకి అలా ఎవరొస్తారు? మా ఆయన కూడా పెళ్ళిచూపులకి దొరబాబులాగే వచ్చాడు.

పూండి వైపు నుంచి సంబంధం వచ్చింది. పిల్లని వాడు చూశాడు, పిల్ల వాడిని చూసింది, ఇద్దరికీ నచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి చెంబు తోముతూ పాడుకున్నాడు. గొంతు బాగుండదు. “ఏటంది పిల్ల?” అంటే, “కాలరు ఎవులు ఇస్త్రీ సేత్తారని అడిగింది మామ్మా. నానే అన్నాను. నవ్వింది” అన్నాడు. అంతే చెప్పాడు. అది చాలా పెద్ద సంగతిలా చెప్పాడు.

తరవాత ఆదివారం వాడు వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు పిల్ల మేనమామ వాకబుకి వచ్చాడు. మా వైపు అంతే, పిల్లవాడి సంగతి అద్దెకున్న ఇంటివాళ్ళని అడిగితే నిజం తెలుస్తుందని వస్తారు. రైలు పట్టాల మీదే పనిచేసి రిటైరైన మనిషి. కొబ్బరిబోండం ఇచ్చాను. తాగుతాడా అన్నాడు, లేదన్నాను. పేకాటా, లేదన్నాను. కోపమా, నాకే ఎక్కువన్నాను. నవ్వాడు. ఆఖర్న, “ఉద్యోగం పర్మినెంటే కదమ్మా?” అన్నాడు.

తెలియదు అనొచ్చు. వాడినే అడగండి అనొచ్చు. నేను వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను.

“అబద్ధం సెప్పను బాబూ. కేజువలని ఆడి నోటితోనే అన్నాడు.”

ఆయన బోండం కింద పెట్టేశాడు. ఆ మాట ఆయనకి ఇంకొకరు విప్పి చెప్పక్కర్లేదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. లేవబోతున్న మనిషితో ఇంకొకటి కూడా అన్నాను.

“ఆ బట్టలు సూసి మోసపోకండి.”

మా నాన్నతో ఆనాడు ఎవరూ అనని మాట అది. నలభై ఏళ్ళు నా కడుపులో ఉండి ఉండి ఆ పిల్లవాడి మీద పడింది.

అదీ ఆ సాయంత్రం గొడవ. గడప దగ్గర బూట్లతో నిలబడి వాడు ఆఖరికి అడిగింది కూడా అదే.

“కేజువలన్నావు, పోనీ. తెలక అన్నావు. ‘బట్టలు సూసి మోసపోకండి’ అన్నావట. నిజమేనా మామ్మా?”

“అన్నాను.”

“నాను ఎవుల్ని మోసం సేసినాను?”

నేను అరుగు మీది దుమ్ము కొంగుతో దులిపాను.

“ఒక్కసారి పూండి ఎల్లి సెప్పు మామ్మా. తప్పు ఇన్నానని సెప్పు. నాను సెప్తే నమ్మరు, నువ్వు సెప్తే నమ్ముతారు. కావాలంటే నానే తీసుకెల్తాను.”

“నానొక మాటన్నాక ఎనక్కి తీసుకోను. ఊరి మీద నా మాటకి ఇలువుంది.”

“అందుకే ఎల్లమంతన్నాను.”

“ఎల్లను.”

“పోనీ రేపు కాయితం సూపిత్తాను.”

“కాయితాలు మా ఆయనా సూపించేవోడు.”

వాడు వంగి బూట్లు విప్పాడు. రెండూ చేత్తో పట్టుకుని మేజోళ్ళతో తన గదికి నడిచి వెళ్ళిపోయాడు. మేజోళ్ళకి బొటనవేళ్ళ దగ్గర కుట్లు కనిపించాయి. కుట్లు సన్నగా, వరసగా ఉన్నాయి.

ఆ నెలాఖరుకి గది ఖాళీ చేశాడు. విశాఖపట్నం వెళ్ళాడన్నారు. ఆ పిల్లకి వేరే చోట పెళ్ళయింది. అంతకంటే నాకు తెలియదు, తెలుసుకునే మొహమూ లేదు. చెంబు మాత్రం గూట్లోనే ఉండిపోయింది, నేను తోమక నల్లబడి.

మొన్న నా మనవరాలు వచ్చింది, డిగ్రీ చదువుతోంది. వంటింటి గూడు దులుపుతూ డబ్బాల కింద పరిచిన కాయితాలన్నీ లాగి పడేస్తుంటే, “పారేయకే, బాగున్నవి మళ్ళీ ఏద్దాం” అన్నాను. ఒక కాయితం తిరగేసి ఆగింది.

“అమ్మమ్మా, ఇదెవులిది? ఎవులిదో ఆఫీసు ఆర్డరు జిరాక్సు.”

పేరు చదివింది. మా గదిలో అద్దెకున్నవాడి పేరే.

“ఏటుందే అందులో?”

“ఉద్యోగం కన్ఫర్మ్ అయిందని ఉంది.”

“అంటే?”

“అంటే పర్మినెంటు. కింద పెన్నుతో గీత కూడా గీసినారు.”

“కేజువలని ఎక్కడా లేదేటి?”

వెతికింది. “ఉంది. అడుగున రూల్స్‌లో. దీనికీ గీత గీసినారు. ఆఫీసుకి కేజువల్ బట్టల్లో రావచ్చంట.” దానికి నవ్వొచ్చింది. “అంటే ఇంట్లో ఏసుకున్నట్టు, ఎలాగైనా రావచ్చని అమ్మమ్మా. ఏల, నువ్వేటనుకున్నావు?”

కాయితం దాని చేతిలోంచి తీసుకున్నాను. ఉప్పు చెమ్మకి కాయితం మధ్యలో గుండ్రంగా డబ్బా ముద్ర పడింది. గీతలు రెండూ ఆ ముద్రకి బయటే ఉన్నాయి, నీలంగా. తిన్నగా ఉన్నాయి, స్కేలు పెట్టి గీసినట్టు.

తెలియక చేసిన తప్పనే మనవరాలికి చెప్పుకోవచ్చు. ముసలిదానికి ఇంగ్లీషు మాట అర్థం కాలేదంటే ఎవరైనా జాలిపడతారు. కానీ అది అబద్ధం. ఆనాడు మా ఎదురింట్లో మేష్టారు ఉన్నారు. కాయితం పట్టుకుని వీధి దాటితే చదివి పెట్టేవారు. చదివితే నేను పూండి రైలెక్కాలి, ఆ మేనమామ ముందు నిలబడి నాదే తప్పనాలి. అది ఇష్టం లేక నేను వీధి దాటలేదు. మాట అర్థం కాలేదన్న సిగ్గు నాకు లేదు. అర్థం చేసుకోవడానికి అవకాశం వచ్చిన పొద్దున్న ఏం చేశానో, సిగ్గు దానికి.

గొడవ పడిన మర్నాడు పొద్దున్న అన్నం దించి పొయ్యి దగ్గర కూర్చున్నాను. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. వాడు రాలేదు. నిన్నటి చొక్కానే వేసుకుని, వీపు మీద ముడతలతో, నా వైపు చూడకుండా గేటు తీసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు. నిప్పులు బూడిదయ్యాయి. గూట్లో చూస్తే చెంబు ఎప్పటిలాగే బోర్లించి ఉంది. దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాయితం. తీసి విప్పాను. మందంగా, తెల్లగా, మంచి కాయితం. ఒక పక్క అంతా ఖాళీ. ఇంగ్లీషు అచ్చున్న పక్క కిందికి పెట్టి గూట్లో పరిచి, మీద ఉప్పు డబ్బా పెట్టాను.